మా అత్తగారి నానమ్మ పుట్టిన రికార్డు దొరకట్లేదు (ఓల్డ్‌హామ్, 1880 ప్రాంతం), ఎవరైనా దారి చూపండి

ఓల్డ్‌హామ్ కోడలు:

అందరికీ నమస్తే. మాది తెనాలి, పెళ్లయి పదకొండేళ్లుగా మాంచెస్టర్ పక్కనే ఉంటున్నాను. మావారు ఇంగ్లీషాయన, వాళ్లది ఓల్డ్‌హామ్, తరతరాలుగా నూలు మిల్లుల్లోనూ బొగ్గు గనుల్లోనూ కూలి చేసుకుని బతికిన కుటుంబం. మా పాపకి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నావైపు అయితే మా నాన్నకి ఫోన్ చేస్తే గోత్రం, ఇంటిపేరు, ముత్తాత పేరు దాకా చెప్పి అక్కడ ఆగిపోయాడు. మావారి వైపు అడుగుదామని మా అత్తగారి దగ్గర కూర్చుంటే (ఆవిడకి 81) పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టారు, స్కూల్ పని అయిపోయి రెండు నెలలైనా నేనింకా ఆ డబ్బాలోంచి బయటకి రాలేదు.

సంగతేంటంటే, అత్తగారి నానమ్మ పేరు పోలీ. (అవును, మన కార్తీకమాసం కథలో పోలి లాగే, నేనూ మొదట నవ్వుకున్నాను.) 1957లో పోయింది, అప్పటికి మా అత్తగారికి 13 ఏళ్లు, బాగా గుర్తుంది. డబ్బాలో ఉన్నవి: 1902 సెప్టెంబరు నాటి పోలీ పెళ్లి సర్టిఫికెట్, ఒక ముసలాయన ఫోటో, అమెరికా స్టాంపున్న బొమ్మ పోస్ట్‌కార్డు ఒకటి. కార్డు మీద రెండు ముక్కలు, కింద "ఎం" అని ఒక్క అక్షరం, అంతే. సర్టిఫికెట్‌లో పోలీ వయసు 22, నూలు మిల్లు కార్డ్ రూమ్‌లో పని, తండ్రి పేరు జాన్, గని కార్మికుడు, చనిపోయాడు అని ఉంది. తల్లి పేరు ఎక్కడా లేదు. ఇంటిపేరు ఇక్కడ రాయను కానీ ఓల్డ్‌హామ్‌లో వీధికి పది మంది ఉండే ఇంటిపేరు అనుకోండి.

1879 నుంచి 1881 దాకా పుట్టుకల ఇండెక్స్ (నమోదైన పేర్ల పట్టిక) వెతికాను, పోలీ అని ఒక్కటి కూడా సరిపోలేదు. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మాత్రం ఈ పోలీని యార్క్‌షైర్‌లో ఒక జమీందారు కుటుంబానికి కలిపేసి 1500ల దాకా లాక్కెళ్లారు. అది నమ్మొచ్చా? ఇంకోటి, మా అత్తగారు గొంతు తగ్గించి "వర్క్‌హౌస్ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు" అన్నారు. (గతిలేని పేదల్ని ఉంచి పని చేయించుకుని తిండి పెట్టే చోటట.) ఆ మాటకి దీనికి ఏమైనా సంబంధం ఉందా?

వైజాగ్ టు వేక్‌ఫీల్డ్:

దీనికంత టెన్షన్ ఎందుకండీ, డబ్బు కట్టే సైట్ ఒకటి తీసుకుని పేరు కొడితే సరిపోయే రికార్డులకి గుర్తుగా వాళ్లే ఆకులు చూపిస్తారు, ఒక్కో ఆకు మీద నొక్కుకుంటూ పోవడమే. మా ఫ్రెండ్ రెండు రోజుల్లో 1300 సంవత్సరం దాకా వెళ్లిపోయాడు. ఆ జమీందారు చెట్టు కూడా ఎవరో కష్టపడి చేసిందే కదా, కాపీ చేసేసుకోండి.

లీడ్స్ బాబాయ్:

అమ్మా, పై సలహా దయచేసి వినొద్దు. వేక్‌ఫీల్డ్ తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, కానీ ఇంగ్లండులో చర్చిలు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ వచ్చిందే 1538లో, అదీ అన్ని ఊళ్లలో మిగల్లేదు. ఒక కూలీ కుటుంబాన్ని రెండు రోజుల్లో 1300 దాకా తీసుకెళ్లాడంటే మీ ఫ్రెండ్ ఎవరి తాతనో తన తాత చేసుకున్నాడని అర్థం. పేదవాళ్ల చెట్టులో పైన ఎక్కడో జమీందారు కనిపిస్తే నేను మొదట అనుమానించేది ఆ కొమ్మనే.

నేను రిటైరయ్యాక వారానికో రోజు ఇక్కడి లైబ్రరీలో ఇదే పని చేస్తుంటాను, వచ్చినవాళ్లకి చూపిస్తాను. (అసలు మీరు డబ్బు కట్టే ముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి, ఆ పెద్ద సైట్లు చాలా లైబ్రరీల్లో ఫ్రీగా వాడుకోనిస్తారు. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ అనే సైట్లు ఎలాగూ ఫ్రీయే, లాంకషైర్‌కయితే వాలంటీర్లు కూర్చుని చర్చి పుస్తకాలు ఎక్కించిన లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అనే సైటు బంగారం.)

ఇక మీ పోలీ. మొదటి సంగతి, పోలీ అన్నది చాలావరకు ముద్దుపేరు, అసలు పేరు మేరీ అయ్యుంటుంది. మన దగ్గర సుబ్బలక్ష్మి సుబ్బులు అయినట్టు మొదటి అక్షరాలు మారకుండా ఉంటే బాగుండేది, వీళ్లకి మేరీ పోలీ అవుతుంది, మార్గరెట్ పెగ్గీ అవుతుంది, ఎలెన్ నెల్లీ అవుతుంది, సేరా శాలీ అవుతుంది. కాబట్టి మేరీ అని వెతకండి.

రెండోది, పెళ్లి సర్టిఫికెట్‌ని మరీ అంత నమ్మకండి. అందులో ఉన్నదంతా పెళ్లికూతురూ పెళ్లికొడుకూ నోటితో చెప్పింది, ఎవరూ రుజువు అడిగేవారు కాదు. తల్లుల పేర్లు రాయడం 2021 మే నుంచే మొదలైంది, అంతకు ముందు దాదాపు రెండువందల ఏళ్ల పెళ్లిళ్లలో తండ్రి ఒక్కడే. అందుకని తండ్రి గడి ఖాళీగా ఉంటే నలుగురి ముందు పరువు పోతుందని లేని తండ్రిని రాయించేవాళ్లు, లేదా తాత పేరు చెప్పేవాళ్లు. మీ కేసులో కూడా అదే అని నేననట్లేదు, ఆ అవకాశం మనసులో పెట్టుకోమంటున్నాను.

మూడోది అసలైనది. ప్రభుత్వం పుట్టుకలు నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. మీరు చూసిన పాత ఇండెక్స్‌లో 1911 సెప్టెంబరు దాకా తల్లి పుట్టింటి పేరు ఉండదు, అందుకే పది మంది మేరీలూ ఒకేలా కనపడతారు. కానీ రిజిస్టర్ ఆఫీసు, అదే జీఆర్ఓ, తన సొంత సైట్‌లో కొత్తగా చేసిన ఇండెక్స్‌లో తల్లి పుట్టింటి పేరు 1837 నుంచీ ఉంది. అకౌంట్ తెరవడం ఫ్రీ. అక్కడ ఓల్డ్‌హామ్ జిల్లాలో 1880కి అటూ ఇటూ మేరీలందర్నీ తీయండి. ఎవరికైనా తల్లి ఇంటిపేరు ఉండాల్సిన చోట ఉత్త గీత ఉంటే, సాధారణంగా ఆ తల్లికి పెళ్లి కాలేదని అర్థం. ఆ గీతల్ని మాత్రం విడిగా రాసుకోండి. ఇంకో మాట, ఇండెక్స్‌లో "మార్చి" అంటే మార్చిలో పుట్టిందని కాదు, జనవరి నుంచి మార్చిలోపు నమోదయిందని. నమోదుకి 42 రోజులు గడువు, కాబట్టి ఫిబ్రవరి చివర పుట్టిన పిల్ల తర్వాతి మూడు నెలల్లో తేలొచ్చు.

ఆ తర్వాత జనాభా లెక్కలు. 1902 పెళ్లి నుంచి వెనక్కి నడవండి, 1901, 1891, 1881, ఎప్పుడూ తెలిసినదాని నుంచి తెలియనిదానికే వెళ్లాలి. 1891 ఏప్రిల్ 5 రాత్రి ఆ పిల్ల ఏ ఇంట్లో పడుకుందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. స్పెల్లింగ్ మీద పట్టుపట్టకండి, చదువురాని మనిషి నోటితో చెప్తే గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు, లాంకషైర్ యాసలో "హ" మింగేస్తారు కాబట్టి H తో మొదలయ్యే ఇంటిపేరు O అక్షరం దగ్గరో A అక్షరం దగ్గరో దాక్కుని ఉంటుంది.

నెల్లూరు నాటింగ్‌హామ్:

బాబాయ్ అన్నీ చెప్పేశారు, వర్క్‌హౌస్ సంగతి నేను చెప్తాను. అక్కా, 1834లో పేదల చట్టం మారాక ఇంటి దగ్గరున్నవాళ్లకి ఇచ్చే సాయం తగ్గించేసి, గతిలేనివాళ్లు వర్క్‌హౌస్‌లోకి వస్తేనే తిండి అన్నారు. లోపల భార్యాభర్తల్ని, పిల్లల్ని విడదీసేవాళ్లు. ముసలివాళ్లు, రోగులు, పెళ్లికాకుండా కడుపొచ్చిన ఆడపిల్లలు అక్కడే చేరేవాళ్లు. ఓల్డ్‌హామ్ వర్క్‌హౌస్ ఎక్కడుండేదో తెలుసా, బౌండరీ పార్క్ దగ్గర, ఇప్పుడు రాయల్ ఓల్డ్‌హామ్ హాస్పిటల్ ఉన్న చోట. ఇంగ్లండులో సగం ఊళ్లలో ఇదే కథ, వర్క్‌హౌసులే తర్వాత ఆసుపత్రులయ్యాయి. అందుకే పాత తరం ముసలివాళ్లు ఆసుపత్రిలో చేరమంటే "నన్ను అక్కడ పడేస్తారా" అని ఏడ్చేవాళ్లు. 1904 తర్వాత పుట్టినవాళ్ల సర్టిఫికెట్లలో వర్క్‌హౌస్ అని రాయకుండా మామూలు ఇంటి నంబరు, వీధి పేరు వేయడం మొదలుపెట్టారు, పిల్లలకి ఆ మచ్చ ఉండకూడదని. మీ పోలీది 1880 కాబట్టి, నిజంగా అక్కడ పుట్టి ఉంటే దాచకుండా రాసే ఉంటారు.

ఇంకా వెనక్కి, 1837కి ముందు కాలానికి వెళ్తే చెప్పండి, అక్కడ నాకు ఇష్టమైన కాగితాలున్నాయి. పేదవాడు వేరే ఊరొచ్చి సాయం అడిగితే ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పనినేర్చుకున్నావు, ఏడాది జీతానికి ఎక్కడ ఉన్నావు అని అడిగి రాసుకునేవాళ్లు, ఏ ఊరు వీడికి తిండి పెట్టాలో తేల్చడానికి. 1662 చట్టం నుంచి ఉన్న పద్ధతి. సొంతంగా సంతకం పెట్టలేని మనిషి జీవితచరిత్ర అలా ఒక పేజీలో దొరుకుతుంది. నిండు గర్భిణిని బండెక్కించి ఊరు దాటించేసిన ఉత్తర్వులు కూడా చదివాను, పెళ్లికాని తల్లికి ఏ ఊళ్లో కాన్పయితే బిడ్డ భారం ఆ ఊరిదే కదా, అందుకని. చదివినప్పుడు మాత్రం ఒళ్లు మండుతుంది.

పాత ముచ్చట్లు ఎందుకు:

ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల గురించి ఇంత తవ్వి ఏం సాధిస్తారండీ? ఆవిడ దాచుకుందంటే దాచుకోనివ్వండి.

లీడ్స్ బాబాయ్:

సగం నిజమే. అందుకే నేను ఎవరికైనా ముందే చెప్తాను, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి మొదలుపెట్టండి అని. ఇక్కడ డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టింది 81 ఏళ్ల మనవరాలే కదా.

బిట్రగుంట రైలు:

కొంచెం పక్కదారి, క్షమించాలి. మేము ఆంగ్లో ఇండియన్లం, మా నాన్న బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టారు, నేను సికింద్రాబాద్‌లో. మా ఇంట్లో కూడా "మన ముత్తాత ఇంగ్లండులో పెద్ద కెప్టెన్" అని చెప్పేవాళ్లు. తీరా చూస్తే మామూలు సిపాయి, తిరుమలగిరి కంటోన్మెంటుకి వచ్చి, సర్వీసు అయ్యాక ఇక్కడే ఉండిపోయి రైల్వేలో చేరాడు. దొరికింది ఎలాగంటే, సికింద్రాబాద్ నిజాం రాజ్యంలోదే అయినా అక్కడి చర్చి బాప్తిస్మాలు పెళ్లిళ్ల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ వెళ్లేవి, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు పద్దు కింద ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటుంది, ఫిబిస్ అంటారు, వాళ్ల సైట్‌లో ఫ్రీగా వెతకొచ్చు. తర్వాత ఆర్మీ డిశ్చార్జి కాగితం దొరికింది, అందులో పుట్టిన ఊరు బోల్టన్, చేరేముందు వృత్తి నేతపని, ఎత్తు, కళ్ల రంగు, చేతి మీద పచ్చబొట్టు కూడా. కెప్టెన్ పోయి నేతపనివాడు వచ్చాడని మా పిన్నికి చాలా బాధ, నాకు మాత్రం ఆ పచ్చబొట్టు చాలు. ఎందుకు చెప్తున్నానంటే, అక్కా, చెట్టులో మగవాళ్లెవరైనా ఉన్నట్టుండి మాయమైతే ఆర్మీ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిల కాగితాలు మాత్రం సగానికి పైగా 1940 సెప్టెంబరు బాంబుల్లో కాలిపోయాయి, దొరక్కపోతే మీ తప్పు కాదు.

ఓల్డ్‌హామ్ కోడలు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. బాబాయ్, మీకు దండం.

జీఆర్ఓలో వెతికాను. మేరీలు పద్నాలుగు మంది, గీత ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకమ్మాయి ఏడాది తిరక్కుండానే చనిపోయింది, మరణాల ఇండెక్స్‌లో వయసు సున్నా అని ఉంది. రెండో అమ్మాయి మేరీ ఎలెన్, 1880 మార్చి మూడునెలలు. సర్టిఫికెట్ తెప్పించాను. తండ్రి గడిలో ఏమీ లేదు, ఉత్త గీత. తల్లి పేరు మార్తా, కార్డ్ రూమ్‌లో పని. పుట్టిన చోటు వర్క్‌హౌస్.

1881 లెక్కల్లో ఇద్దరూ తాతగారింట్లోనే ఉన్నారు, మార్తాకి 20, పిల్లకి ఏడాది. తాత పేరు జాన్. గని కార్మికుడు. అంటే పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి అని రాయించింది తాతనే, చనిపోయాడన్నదీ నిజమే, 1899లో పోయాడు. కాకపోతే ఇంట్లో చెప్పుకున్నట్టు గనిలో పైకప్పు కూలి కాదు, బ్రాంకైటిస్ అని ఉంది. 1891లో పోలీ అదే ఇంట్లో "మనవరాలు", వయసు 11, పని గడిలో కాటన్ మిల్లు హాఫ్‌టైమర్. ఇదేంటని చూస్తే సగంపూట మిల్లు, సగంపూట బడి, అప్పట్లో పదేళ్లకే పెట్టుకోవచ్చట. మా పాపకి ఇప్పుడు తొమ్మిది. కార్డ్ రూమ్ అంటే దూది ఏకే గది, గాలంతా దూది పొగే. మా తెనాలిలో చిన్నప్పుడు పరుపులు ఏకేవాళ్లు వస్తేనే మా అమ్మ దగ్గొస్తుందని మమ్మల్ని లోపలికి పొమ్మనేది.

అత్తయ్యకి చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాల్లేదు. చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత డబ్బాలో ముసలాయన ఫోటో తీసి "మరి ఈయనే జాన్ అయ్యుంటాడు, నానమ్మ రోజూ ఈ ఫోటో తుడిచేది" అన్నారు. వాళ్ల నాన్న రాయల్ ఓల్డ్‌హామ్‌లో చేరనని ఎందుకు మొండికేశారో కూడా ఇప్పుడర్థమైంది అన్నారు.

ఒక్కటే మిగిలింది. 1891లో మార్తా లేదు. ఆ ఇంట్లో లేదు, ఊళ్లో లేదు, చనిపోయినట్టూ లేదు. పదకొండేళ్ల పిల్లని వదిలేసి ఎక్కడికి పోయింది?

నెల్లూరు నాటింగ్‌హామ్:

అక్కా, 1881కీ 1891కీ మధ్య పెళ్లి చేసుకుని ఇంటిపేరు మారిపోయి ఉంటుంది. పెళ్లిళ్ల ఇండెక్స్‌లో అవతలివాళ్ల ఇంటిపేరు 1912 నుంచే పక్కన వేశారు, అంతకు ముందు ఒకే పేజీ నంబరున్నవాళ్లని జత కట్టి చూసుకోవాలి, ఓపిక పట్టండి. వర్క్‌హౌస్‌లో చేరిన, విడుదలైన రిజిస్టర్లు మిగిలాయేమో కూడా ఓల్డ్‌హామ్ ఆర్కైవ్స్‌లో అడగండి.

లీడ్స్ బాబాయ్:

అమ్మా, మొదటి పోస్టు మళ్లీ చదివాను. అమెరికా పోస్ట్‌కార్డు, కింద "ఎం". దాని మీద పోస్టాఫీసు ముద్ర ఏ ఊరిది?

ఓల్డ్‌హామ్ కోడలు:

భూతద్దం పెట్టి చూశాను. ఫాల్ రివర్, మాస్. 1908.

లీడ్స్ బాబాయ్:

అనుకున్నాను. మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్ అంటే నూలు మిల్లుల ఊరు, లాంకషైర్ నుంచి పనివాళ్లు గుంపులుగా వెళ్లిన చోటు. ఓల్డ్‌హామ్‌లో కార్డ్ రూమ్ పని తెలిసిన అమ్మాయికి అక్కడ ఓడ దిగగానే పని దొరికేది. అమెరికా లెక్కలు 1900, 1910 రెండూ తీయండి, ఇంగ్లండులో పుట్టిన మార్తాలు, 1860 ప్రాంతం వయసు. ఆ రెండు లెక్కల్లో ఆడవాళ్లని ఒక ప్రశ్న అడిగారు: ఎంతమంది పిల్లల్ని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని. ఏ ఏడాది దేశంలోకి వచ్చారో కూడా ఉంటుంది.

ఓల్డ్‌హామ్ కోడలు:

బాబాయ్, రాత్రి ఒంటిగంటకి రాస్తున్నాను. ఒక మార్తా దొరికింది. ఫాల్ రివర్, 1910, ఇంగ్లండులో పుట్టింది, 49 ఏళ్లు, 1884లో వచ్చింది, భర్తదీ మిల్లు పనే. కన్నది నలుగురు, బతికున్నది ముగ్గురు. 1900లోనూ అవే అంకెలు, అప్పుడు ఇంట్లో పిల్లలు ఇద్దరే, పదమూడేళ్లవాడు, పదేళ్ల పాప, ఇంకా పెళ్లిళ్లై వెళ్లిపోయే వయసు కూడా కాదు. ఆ మూడో బిడ్డ పోలీయేనా అని అత్తయ్య అడుగుతున్నారు. నిద్రపోకుండా పక్కనే కూర్చున్నారు. ఏం చెప్పను?

లీడ్స్ బాబాయ్:

ఇంకా ఏమీ చెప్పొద్దు. మార్తా అనే పేరు, వయసు, ఊరు కలిశాయి, అంతే, జమీందారు చెట్టువాళ్లకీ ఇంతే కలిసింది. ఆవిడ పెళ్లి అక్కడే జరిగి ఉంటే మసాచుసెట్స్ పెళ్లి రిజిస్టర్‌లో తల్లిదండ్రులిద్దరి పేర్లూ రాస్తారు, ఇంగ్లండులా కాదు. తండ్రి జాన్ అనీ, తల్లి పేరు 1881 లెక్కల్లో ఉన్న పోలీ అమ్మమ్మ పేరే అనీ ఉంటే అప్పుడు నమ్ముదాం. ఫ్యామిలీసెర్చ్‌లో చూడండి. అది దొరికేదాకా పాప గీసిన చెట్టు మీద పెన్సిల్‌తోనే రాయండి.

ఓల్డ్‌హామ్ కోడలు:

ఆలస్యమైంది బాబాయ్. అత్తయ్య పెన్నుతో రాసేశారు.